ఇల్లు కదలకుండా రాష్ట్రం మారిన బండి

(వరంగల్, మట్టెవాడలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతున్నదో ఆ పెద్దమనిషి పేరు ఈ అచ్చుప్రతిలో కనిపించదు. పత్రికలో పేరు పడడం, ఫలకం మీద పేరు చెక్కించుకోవడం ఆయనకు బతికుండగానే గిట్టేది కాదు. ఇంటివాళ్లు కూడా ఆ మాటే నిలబెట్టమన్నారు. మనందరికీ ఆయన మాస్టారు, అంతే. బడి నుంచి రిటైరయ్యాక సాయంత్రాలు ఇంటి అరుగు మీద కూర్చుని, వచ్చి అడిగినవాళ్లకల్లా దరఖాస్తులు రాసిపెట్టారు. పింఛనుకు రాశారు, రేషన్ కార్డుకు రాశారు, చనిపోయినవాళ్ల బీమా డబ్బుకు రాశారు. కానీ ఆయన ముందు ఎక్కువగా పరుచుకున్నవి బళ్ల కాగితాలు. నేను వకీలుగా పనిచేస్తూ కూడా మోటారు వాహనాల చట్టాన్ని ప్రమాదాల కేసుల కోసమే తిరగేసేవాణ్ని. అందులో 46, 47, 48 సెక్షన్లను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదవడం నాకు ఆ అరుగు మీదే అలవాటైంది.

బళ్ల కాగితాలే ఎందుకంటే, ఇది పోయి వచ్చే జనం ఉన్న ఊరు. ఇక్కడి నేత కుటుంబాలు మగ్గం నడవక సోలాపూర్ పోయాయి, భివండీ పోయాయి, సూరత్ పోయాయి. పవర్‌లూముల మీద ఏళ్లకు ఏళ్లు పనిచేసి, తల్లిదండ్రులు ముసలివాళ్లయ్యారనో, పిల్ల పెళ్లి అనో తిరిగొచ్చాయి. 2017 అక్టోబరులో గీసుగొండ, సంగెం మండలాల మధ్య కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగినప్పుడు, వలసపోయిన నేతన్నలను వెనక్కి తెచ్చుకోవడం కోసమేనని ప్రభుత్వమే చెప్పింది. అట్లా వచ్చేవాళ్లు సామాన్లతో పాటు ఒక పాత బండి తెచ్చుకుంటారు. ఎంహెచ్ 04 అంటే ఠాణే, ఎంహెచ్ 13 అంటే సోలాపూర్, జీజే 05 అంటే సూరత్. ఈ నంబర్లు మన గల్లీల్లో కొత్త కాదు. పోలీసులు చౌరస్తాలో ఆపేది కూడా ముందు వీటినే.

వీళ్లు రాష్ట్రం మారినవాళ్లు. గడప దాటకుండానే రాష్ట్రం మారినవాళ్లు ఇంకొందరున్నారు. వాళ్లం మనం.

కాకతీయుల కాలం నాటి భోగేశ్వరాలయం ఉన్న ఈ మట్టెవాడలో 1940ల మొదట్లో పుట్టినవాళ్లు నిజాం రాజ్యంలో పుట్టారు, హైదరాబాద్ రాష్ట్రంలో బడికి పోయారు, 1956 నవంబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో బతికారు, 2014 జూన్ 2న తెలంగాణలో నిద్రలేచారు. బండి సంగతికి వద్దాం. ఉమ్మడి రాష్ట్రంలో వరంగల్ జిల్లా నంబరు ఏపీ 36. రాష్ట్రం ఏర్పడ్డాక టీఎస్ 03. 2016 అక్టోబరు 11న పాత జిల్లా ముక్కలై వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు వచ్చాయి, రూరల్‌కు 24 ఇచ్చారు. 2021 ఆగస్టులో అర్బన్ హనుమకొండగా, రూరల్ వరంగల్‌గా పేర్లు మార్చుకున్నాయి. మట్టెవాడ, ఎంజీఎం ఆస్పత్రి, పాత వరంగల్ అంతా వరంగల్ జిల్లాలోకి వచ్చి 24 కిందికి చేరింది. 2024 మార్చిలో టీఎస్ పోయి టీజీ వచ్చింది. ఒకే ఇంట్లో తాత స్కూటరు ఏపీ 36, కొడుకు మోటారుసైకిలు టీఎస్ 03, మనవరాలి స్కూటీ టీజీ 24. ఆ ఇల్లు మాత్రం ఉన్నచోటనే ఉంది.

2014లో ఏం జరిగిందో చాలామంది మరిచిపోయారు. పాత ఏపీ నంబర్లన్నీ కొన్ని నెలల్లో టీఎస్‌కు మార్చుకోవాలని కొత్త ప్రభుత్వం ముసాయిదా తెచ్చింది. రాష్ట్రం సాధించుకున్న సంతోషంలో ఎందరో తామంతట తామే మార్చుకుంటామన్నారు, ఆ ఉత్సాహాన్ని నేను తక్కువ చేయను. అయితే మాస్టారి అరుగు మీదికి ఆ వానాకాలం వచ్చినవాళ్ల భయం వేరు. ఆర్సీ పోయినవాళ్లు, బండి అమ్మిన మనిషి పేరు మీద నుంచి తమ పేరు మీదికి ఎన్నడూ మార్పించుకోనివాళ్లు, ఫైనాన్సు కంపెనీ మూతపడి క్లియరెన్సు లేనివాళ్లు, భర్త పేరు మీద బండి ఉండి భర్త లేని ఆడవాళ్లు. నంబరు మార్చడమంటే కాగితాలన్నీ మళ్లీ బయట పెట్టడమే. వ్యవహారం హైకోర్టు దాకా పోయింది. పాత బళ్లన్నీ నంబరు మార్చుకోవాలన్న మాట చివరికి అమలులోకి రాలేదు. పదేళ్ల తర్వాత టీఎస్ టీజీగా మారినప్పుడు, పాత టీఎస్ బళ్లు అట్లాగే తిరగవచ్చని ప్రభుత్వం మొదటే చెప్పింది. ఎవరికీ నిద్ర చెడలేదు. ఆ మేలు 2014లో బెంగపెట్టుకున్నవాళ్ల వల్లనే కలిగిందని నా నమ్మకం.

ఇల్లు కదలకుండా రాష్ట్రం మారినవాళ్లలో మనకన్నా చిక్కులో పడినవాళ్లు గోదావరి పక్కన ఉన్నారు. చింతూరు, కూనవరం, వీఆర్ పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఖమ్మం జిల్లాలో ఉండేవి. పోలవరం కోసం 2014లో ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. వాళ్ల బళ్ల మీద ఏపీ 20 అని ఉంటుంది, వాళ్లుంటున్నదీ ఏపీలోనే. ఆ 20 మాత్రం ఖమ్మం నంబరు, ఖమ్మం తెలంగాణలో మిగిలింది.

ఇప్పుడు చట్టానికి వద్దాం. మన మోటారు వాహనాల చట్టం 1988ది, 1989 జూలై 1న అమలులోకి వచ్చింది. 46వ సెక్షన్ చెప్పేది తేలిక: దేశంలో ఏ రాష్ట్రంలో రిజిస్టరైనా ఆ రిజిస్ట్రేషన్ దేశమంతటా చెల్లుతుంది. 47 దానికి ఒక గడువు కలుపుతుంది: ఇంకో రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. కనుక బండి తెచ్చిన మరునాడే చౌరస్తాలో ఆపి, నంబరు బయటిది కదా అని జరిమానా రాస్తే దానికి ఈ చట్టంలో ఆధారం లేదు. పన్నెండు నెలలు గడిచాయా లేదా అన్నదే ప్రశ్న. ఎప్పుడు తెచ్చారో చూపడానికి రైలు పార్శిలు రశీదు, ట్రాన్స్‌పోర్టు బిల్లు, దారిలో టోల్ చీటీ, ఏదో ఒకటి దాచుకోవాలని మాస్టారు అందరికీ చెప్పేవారు.

తరువాతిది 48, ఎన్వోసీ. బండి పాత ఊళ్లో ఆర్టీవో ఇవ్వవలసిన నిరభ్యంతర పత్రం. మనవాళ్ల కష్టమంతా ఇక్కడే. భివండీ నుంచి వచ్చిన మనిషి దానికోసం మళ్లీ ఠాణే పోవాలి. రెండు రోజుల కూలీ పోతుంది, రైలు చార్జీ పోతుంది. అక్కడ పెండింగు చలాన్లు కట్టాలి, పన్ను బాకీ లేదని తేలాలి, బండి దొంగతనం కేసులో లేదని పోలీసు నివేదిక రావాలి. ఇవన్నీ న్యాయమైన షరతులే, చట్టంలో ఉన్నవే. దొంగబళ్లు రాష్ట్రం దాటి కొత్త నంబరుతో తిరగకూడదు కదా. అయితే అదే సెక్షన్‌లో ఇంకా ఏముందో కౌంటరు దగ్గర ఎవరూ చెప్పరు. దరఖాస్తు అందుకున్న అధికారి రశీదు ఇవ్వాలి. ముప్పై రోజుల్లో ఇస్తున్నామనో, ఇవ్వడం లేదనో రాతపూర్వకంగా చెప్పాలి. ఇవ్వకపోతే కారణం రాసి దాని నకలు పంపాలి. ముప్పై రోజుల్లో ఏ జవాబూ రాకపోతే ఎన్వోసీ ఇచ్చినట్టే లెక్క. ఇది సర్క్యులర్ కాదు, ఒక అధికారి దయా కాదు, పార్లమెంటు చేసిన చట్టం.

47లో ఇంకో మెట్టు ఉంది. ఎన్వోసీ చేతికి రాకపోయినా, దరఖాస్తు ఇచ్చిన రశీదును గానీ, రిజిస్టర్డ్ పోస్టులో పంపితే తిరిగివచ్చిన అక్నాలెడ్జిమెంటును గానీ జతచేసి, తిరస్కరణ ఏదీ నాకు అందలేదని ఒక ప్రకటన రాసి ఇస్తే కొత్త రాష్ట్రంలో దరఖాస్తు తీసుకోవాలి. ఫారం 28 ఎన్వోసీకి, ఫారం 27 కొత్త నంబరుకు. ఈ రెండు ఫారాల మధ్య పేదవాడికి వదిలిన సందు ఈ రశీదే.

ఒక పవర్‌లూమ్ కార్మికుడి విషయంలో మాస్టారు ఈ దారినే నడిచారు. అతను పాత ఊరి కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చి, మళ్లీ రమ్మంటే వచ్చేశాడు.

"కాయితం ఇచ్చినవు సరే బిడ్డా, రశీదేది?"

"ఇయ్యలే సార్. అడిగితే ఏమంటరో అని నేను గూడ అడుగలే."

"అడుగకపోతే నువ్వు ఇచ్చినట్టు ఎవలకు ఎరుక?"

అరుగు మీదే కూర్చోబెట్టి మళ్లీ ఫారం 28 నింపించారు, రిజిస్టర్డ్ పోస్టులో పంపించారు. నెల దాటాక అక్నాలెడ్జిమెంటుతో, ఒక పేజీ ప్రకటనతో ఇక్కడ దరఖాస్తు పెట్టించారు. కౌంటరులో మొదట ఒప్పుకోలేదు. ఒరిజినల్ ఎన్వోసీ లేకుండా ఎట్లా అన్నారు. మాస్టారు లోపలికి పోయి, సెక్షన్ ఉన్న పేజీ జిరాక్సు బల్ల మీద పెట్టి, తీసుకోకపోతే తీసుకోబోమని రాసివ్వమన్నారు. లోపలున్న అధికారి ఆ పేజీ పూర్తిగా చదివి, పాత ఊరి కార్యాలయానికి తానే ఉత్తరం రాసి ధ్రువీకరణ తెప్పించుకున్నారు. అది కూడా ఆ అధికారి పనే. బండి దొంగది కాదని ఒక ఆఫీసు ఇంకో ఆఫీసును అడిగి తెలుసుకోవాలి. ఆ కబురు మోయడానికి రోజుకూలీ మనిషిని రైలెక్కించడం ఏం న్యాయం?

ఈ ఉత్తరం ఇప్పుడు కంప్యూటరులో క్షణంలో పోవాలి. కేంద్రం వాహన్ పేరుతో దేశమంతటి రిజిస్ట్రేషన్లను ఒకచోట చేర్చింది. తెలంగాణ చాలా ఏళ్లు అందులో చేరకుండా సొంత పద్ధతిలోనే నడిచింది. దాంతో ఇంకో రాష్ట్రంలో జారీ అయిన ఎన్వోసీ ఇక్కడి తెర మీద కనిపించేది కాదు, ఇక్కడిది అక్కడ కనిపించేది కాదు. నష్టపోయింది మధ్యలో ఉన్న మనిషి. ఆన్‌లైన్ ఉన్నచోట కూడా పాత బండికి కొత్త చిక్కు వచ్చింది. ఎప్పుడో రిజిస్టరైన బండికి రికార్డులో ఫోను నంబరే ఉండదు, ఉన్నా అది ఎప్పుడో వదిలేసిన సిమ్‌ది. ఓటీపీ ఎవరికో పోతుంది. రిజిస్టరు పుస్తకంలో ఉండి కంప్యూటరులోకి ఎక్కని బళ్లయితే బ్యాక్‌లాగ్ ఎంట్రీ కోసం మళ్లీ అదే కార్యాలయానికి పోవాలి. 2025లో తపాలాశాఖ రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేసింది. చట్టంలో మాత్రం ఇంకా రిజిస్టర్డ్ పోస్టనే ఉంది. ఇకమీదట పంపేవాళ్లు స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్, అక్నాలెడ్జిమెంటు రెండూ అడిగి తీసుకోండి.

ఇంత చుట్టూ తిప్పేది నంబరు కాదు, పన్ను. రాజ్యాంగం ఏడో షెడ్యూలు చూడండి. వాహనాల మీద పన్ను రెండో జాబితా 57లో ఉంది, అది రాష్ట్రాలది. మోటారు వాహనాలు, వాటి మీద పన్ను వేసే సూత్రాలు మూడో జాబితా 35లో ఉన్నాయి, అవి ఉమ్మడివి. రిజిస్ట్రేషన్ కేంద్ర చట్టం ప్రకారం దేశమంతటా చెల్లుతుంది, లైఫ్ ట్యాక్సు మాత్రం కట్టిన రాష్ట్రంలోనే చెల్లుతుంది. కనుక బండి రాష్ట్రం మారితే ఇక్కడ మళ్లీ కట్టాలి. తెలంగాణ 2022 మే నుంచి కొత్త కారుకు ధరను బట్టి 13 నుంచి 18 శాతం వేసింది, బయటి నుంచి వచ్చే పాత బండికి దాని వయసును బట్టి తగ్గిస్తారు. అక్కడ కట్టినదాంట్లో మిగిలిన కాలానికి వాపసు ఇచ్చే దారి చాలా రాష్ట్రాల చట్టాల్లో ఉంది. దానికి కొత్త ఆర్సీ నకలు, పాత పన్ను రశీదు పట్టుకుని మళ్లీ పాత ఊరికే పోవాలి. మన నేత కార్మికుల్లో ఆ వాపసు తెచ్చుకున్నవాళ్లు నాకు కనబడలేదు. బెంగళూరులో ఉద్యోగం చేసే మన పిల్లలు ఆంధ్ర, తెలంగాణ నంబర్లతో కార్లు నడుపుతూ రోడ్డు మీద ఆపించుకునేది కూడా ఈ పన్ను కోసమే.

బదిలీ ఉద్యోగాలవాళ్లకు కేంద్రం 2021 సెప్టెంబరు 15 నుంచి బీహెచ్ సిరీస్ ఇచ్చింది. రెండేళ్ల చొప్పున పన్ను కట్టుకుంటూ ఏ రాష్ట్రానికైనా అదే నంబరుతో పోవచ్చు. మంచి పద్ధతి. అయితే అది సైనికులకు, ప్రభుత్వ, ప్రభుత్వరంగ ఉద్యోగులకు, నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులకు. భివండీలో పవర్‌లూమ్ నడిపినవాడు, సూరత్‌లో డైయింగ్ మిల్లులో పనిచేసినవాడు ఆ జాబితాలో లేరు. దేశంలో ఎక్కువగా రాష్ట్రాలు మారేది ఎవరు? కూలీలే. ఆ వసతి కావలసింది మొదట వాళ్లకే.

పాత బండి సంగతి వేరుగా చెప్పాలి. సొంత వాడకం బండికి మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. తర్వాత ఫిట్‌నెస్ చూసి అయిదేళ్ల చొప్పున పొడిగిస్తారు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఆ రెన్యువల్ ఫీజు మోటారుసైకిలుకు 1000, ఆటోకు 2500, కారుకు 5000 రూపాయలైంది. ఆలస్యమైతే నెలకు మోటారుసైకిలుకు 300, మిగతావాటికి 500. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన బళ్లకు దాన్నీ రెట్టింపు చేశారు: మోటారుసైకిలుకు 2000, ఆటోకు 5000, కారుకు 10000. పాత బళ్లు పొగ ఎక్కువ వదులుతాయన్నది నిజమే, నేను కాదనను. కానీ చెడిపోని పాత స్కూటరును తీసేసి కొత్తది కొనగలవాడికి, కొనలేనివాడికి ఒకే ఫీజు. యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండికయితే 2021లో వింటేజ్ నిబంధనలు తెచ్చి, నంబరులో వీఏ అన్న అక్షరాలతో పదేళ్ల రిజిస్ట్రేషన్ ఇచ్చారు. దానికి రుసుము 20000. సంపన్నుల గ్యారేజీలో ఉన్న కారుకు ఒక గౌరవం దొరికింది, బాగుంది. ఇరవై రెండేళ్ల చేతక్ మీద రోజూ ఎనుమాముల మార్కెట్‌కు పోయే ముసలాయన కోసం ఎవరూ ఒక నియమం రాయలేదు.

ఢిల్లీ బళ్ల గురించి ఒక్కమాట. 2015లో హరిత ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిలు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బళ్లు తిరగకూడదన్నాక, అక్కడి కార్లు ఎన్వోసీతో మన ఊళ్ల దాకా చౌకగా వచ్చాయి. కొనేవాళ్లు కారు ధర ఒక్కటే చూస్తారు. ఇక్కడి లైఫ్ ట్యాక్సు, ఫిట్‌నెస్, రెన్యువల్ కలిపి చూసుకున్నాక కొనండి. ఎన్వోసీ ఏ ఆర్టీవో పేరున ఇచ్చారో చూడండి, వేరే ఊరి పేరుంటే ఇక్కడ తీసుకోరు.

ఆడవాళ్ల గురించి చెప్పకుండా ఈ విషయం ముగించలేను. మాస్టారి అరుగు మీదికి చివరి ఏళ్లలో ఎక్కువగా వచ్చింది వాళ్లే. భర్త పోయాడు, బండి ఆయన పేరు మీద, నంబరు ఇంకో రాష్ట్రానిది. చట్టం ప్రకారం వారసులు ముప్పై రోజుల్లో తెలియజేస్తే మూడు నెలలు ఆ బండి వాడుకోవచ్చు, ఆ లోపల పేరు మార్పుకు ఫారం 31 ఇవ్వాలి. దుఃఖంలో ఉన్న ఇంట్లో ముప్పై రోజులకు ఆర్సీ ఎవరు వెతుకుతారు? దశదినకర్మ ఖర్చులకు బండిని అమ్మేస్తే కొన్నవాడు కాగితాలు లేవని సగం ధర ఇస్తాడు. మాస్టారు ఇట్లాంటి ఇంటికి మరణ ధ్రువపత్రంతో పాటే ఫారం 31 కూడా తీసుకుపోయి, వారసుల సంతకాలు పెట్టించి తెచ్చేవారు. అడిగేదాకా ఆగేవారు కాదు.

నేనిక్కడ కోరేది ఒకటుంది, ఏళ్లుగా ఆలోచించి కోరుతున్నది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు, ఒక రాష్ట్రంలో తయారై ఇంకో రాష్ట్రంలో అమ్ముడయ్యే సరుకు పన్నును రాష్ట్రాలు తమలో తాము సర్దుకునే ఏర్పాటు ఐజీఎస్టీ ద్వారా చేశారు. భివండీలో నేసిన గుడ్డ వరంగల్‌లో అమ్ముడైతే, ఆ పన్నులో తెలంగాణ వాటా కోసం కొన్నవాడు ఠాణేకు పోడు. కేంద్రం లెక్క కట్టి రాష్ట్రానికి పంపుతుంది. గుడ్డకు చేయగలిగినది ఆ గుడ్డ నేసినవాడి మోటారుసైకిలుకు ఎందుకు చేయరు? బండి రాష్ట్రం మారినప్పుడు మిగిలిన కాలానికి పన్నును పాత రాష్ట్రం కొత్త రాష్ట్రానికి నేరుగా పంపాలి. తేడా ఉంటే ఆ తేడా ఒక్కటే మనిషి కట్టాలి. రాజ్యాంగం మూడో జాబితాలో పన్ను సూత్రాలు ఉన్నాయి కనుక పార్లమెంటు ఈ నియమం చేయగలదని నా అభిప్రాయం. దానికి ఆగకుండా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ సభ్యులుగా ఉన్న దక్షిణ మండల మండలిలో మొదట ఈ రెండు రాష్ట్రాలు ఒప్పందం చేసుకోవచ్చు. ఉమ్మడి రాష్ట్రంగా ఉన్నప్పుడు ఒకే ఖజానాకు పన్ను కట్టిన బండి మీద ఇప్పుడు రెండోసారి వసూలు చేయడానికి ఏ న్యాయమూ లేదు. 2015 ఏప్రిల్ 1 నుంచి ఆంధ్ర రవాణా బళ్ల మీద తెలంగాణ వేసిన పన్నుతో రెండు వైపులా లారీవాళ్లు ఎంత నలిగారో మనకు తెలుసు. మహారాష్ట్ర, గుజరాత్ పశ్చిమ మండలంలో ఉన్నాయి, వాటి కోసం కేంద్రాన్ని అడగవలసిందే.

ఈ కోరికతో రెండు వినతిపత్రాలు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి రవాణా కమిషనర్‌కు, ఇంకొకటి కేంద్ర రోడ్డు రవాణా శాఖకు. సంతకాలతో పాటు, బయటి నుంచి బండి తెచ్చుకుని రెండుసార్లు పన్ను కట్టినవాళ్లు ఆ రెండు రశీదుల నకళ్లు జతచేయండి. నకళ్లే ఇవ్వండి, అసలు కాగితాలు మీ దగ్గరే ఉంచుకోండి. 47, 48 సెక్షన్ల తెలుగు పాఠం వెనుక వరుసలో పంచుతున్నారు.